పోడు మీది కేక

దేముడమ్మ గొంతు విననివాళ్ళకి ఆమె కథ చెప్పడం కష్టం. సన్నగా, రివ్వున సాగే గొంతు. పాచిపెంట కొండల్లో మా బడి ఉన్న గూడేనికీ ఆమె పోడు చేనుకీ మధ్య ఒక కొండ అడ్డం. అయినా ఆమె చిలకల్ని తోలుతూ ‘హోయ్’ అని కేకేస్తే మా బడిలో పిల్లలు పలకల మీంచి తలలెత్తేవారు. బెత్తం చూపించినా ఎత్తేవారు. పార్వతీపురం నుంచి పంతులమ్మగా వచ్చిన కొత్తలో నాకా కేకంటే చిరాకు. పోనుపోను అది వినపడని పూట ఏదో వెలితిగా ఉండేది.

ఆమె తల్లి కనకకి ఆ గొంతే చూపు. ముసలామెకి రెండు కళ్ళూ పోయి చాలాకాలమైంది. కూతురు పోడు మీదుంటే తను గుమ్మంలో కూర్చుని కొండవైపు చెవి పెట్టేది. కేక వినపడగానే “అద్గదీ, మా గుంట” అని చుట్ట వెలిగించి, నిప్పు నోట్లోకి పెట్టుకుని అడ్డపొగ పీల్చేది. గుంటంటే వాళ్ళ మాటలో ఆడపిల్ల. ఆ గుంటకి యాభై దగ్గర పడుతున్నాయి. మొగుడు పోయాక తల్లి దగ్గరికి వచ్చేసింది. తండ్రి సోంబరు ఎప్పుడో పోయాడు. ఇంట్లో ఆడవాళ్ళిద్దరే. ముసలామె కూతురు కలిపి పెడితేనే ఇష్టంగా తినేది. ఇంకెవరైనా పెడితే ఉప్పు లేదని వంక పెట్టేది.

డెబ్భై ఆరు ఎండాకాలంలో ఒకనాడు దేముడమ్మ బడి అరుగు మీద కూలబడింది.

“ఒంట్లో పొయ్యెట్టినట్టుంది పంతులమ్మా. ఉన్నపళంగా సెమట్లు. రేతిరి నిద్దర్నేదు. గునపం ఎత్తితే సేతులాడవు. ఏటైపోతన్నానో తెల్దు.”

ముట్లు ఆగిపోయాయా అని అడిగితే తలూపింది. మా అమ్మకీ ఆ వయసులో ఇలాగే అయింది, కొన్నాళ్ళకి అదే సర్దుకుంటుందన్నాను.

“మీకు సర్దుకుంటాది. కుర్సీలో కూకుంటారు. నాకు పోడెవుడు కొడతాడు?” అని మొహం మీదే అనేసింది.

పక్కింటి రత్నాలు చింతపండు అమ్మడానికి పార్వతీపురం వెళుతూ ఆమెని కూడా తీసుకెళ్ళి ఒక ప్రైవేటు డాక్టరుకి చూపించింది. ఆడవాళ్ళ ఒంట్లో కూడా మగరసం కొద్దిగా ఉంటుందట. వయసుతో అది తగ్గుతుందట. ముట్లుడిగి నీరసపడ్డ ఆడవాళ్ళకి ఆ రసాన్ని సూదిమందుగా కొంచెం ఇస్తే ఓపిక వస్తుందట. ఆయన అలా చెప్పి ఒక సూది వేశాడు. నెలకొకటి చొప్పున ఇంకో రెండు వేయించుకుని, ఆపేసి, వచ్చి కనపడమన్నాడు. సూది వేయడం వచ్చినవాళ్ళు ఎవరైనా వేయొచ్చన్నాడు. ఆయన తప్పేమైనా ఉంటే ఆ చివరి మాటలోనే ఉంది.

ఎందుకంటే మా కొండ కింద సంతలో సూది వేసేవాడు ఒకడే, భీమన్న. ఎక్కడో ఆసుపత్రిలో గదులు తుడిచి, సూది పొడవడం చూసి నేర్చుకుని, రేకు పెట్టె ఒకటి చంకన పెట్టుకుని ఊరేగుతుండేవాడు. సూది అడిగినవాళ్ళకి కాదనడం వాడి వంశంలో లేదు. ఏ మందు పేరు చెబితే ఆ మందు పట్నం నుంచి తెప్పించేవాడు.

మొదటి సూదికే దేముడమ్మ లేచి కూర్చుంది. “సూది కాదు పంతులమ్మా, అమ్మోరు తల్లి” అని చేతులెత్తి మొక్కింది. నెల నిండకుండానే భీమన్న దగ్గరికి వెళ్ళి ఇంకోటి పొడిపించుకుంది. ఆ మరుసటి సంతకి మరొకటి. కొండమీద మనిషికి నెలతో ఏం పని? పంచాంగం, జీతం, సినిమా, సమస్తం సంతే. నెలకొకటన్నారు కదా అని రత్నాలు గదమాయిస్తే, “సేనుకి నెలకోపాలి కలుపు తీత్తామేటి? వారం వారం తీత్తేనే పంట” అందట. ఆ మాట నా చెవిన పడేసరికి అంతా అయిపోయింది.

వానలు తగ్గగానే ఆమె పోడు కాపలాకి మంచె ఎక్కింది. తల్లిని రత్నాలుకి అప్పజెప్పింది. పోడు నుంచి సంతకి కొండ అవతలి వైపున అడ్డదారి ఉంది, గూడెంలోకి రానక్కర్లేదు. ఆమె సంతకి పోయి సూది వేయించుకుని మళ్ళీ మంచెకే పోయేది. దసరా దాటాక ఆమె కేక బొంగురుపోయింది. తర్వాత అసలు కొండ దాటి రావడమే మానేసింది. అడవిపందుల్ని తోలడానికి అరిచి అరిచి గొంతు పోయుంటుందనుకున్నాం. ఆమె కూడా అలాగే అనుకుని మిరియాలు నమిలిందట. ముసలామె మాత్రం గుమ్మంలో చెవి పెట్టుకుని, “గుంటకి గొంతు రాసుకుపోనాది, అయ్యో” అని రోజూ బెంగపడేది.

పుష్యమాసంలో కందికొత్త పండుగ వచ్చింది. కొత్త పంట ఏదైనా ముందు పెద్దలకి పెట్టందే గూడెంవాళ్ళు నోట పెట్టరు. వండింది ఆకులో పెట్టి, గుమ్మంలో నిలబడి, చచ్చిపోయినవాళ్ళని పిలుస్తారు. వస్తారని వాళ్ళ నమ్మకం. ఆ పొద్దుట నన్నూ పిలిచారు, వెళ్ళాను. కనక గుమ్మం పట్టుకుని నిలబడి, మొగుడి పేరు చెప్పకూడదు కనుక, “గుంట అయ్యా, రా. కొత్తకంది ఒండినాం, తినీసి ఎల్లు” అని పిలిచింది.

“వచ్చీసినాను” అని మగగొంతు పలికింది.

నెత్తిన కందుల బుట్టతో దేముడమ్మ వాకిట్లో నిలబడి ఉంది. ఎవడో మగవాడు ఆమె వెనక ఉన్నాడేమోనని చూశాను. ఎవడూ లేడు. గుంట అన్న మాట విని తననే అనుకుని ఆమే పలికింది. ఆమె పై పెదవి మీద మీసం ఉంది. గడ్డం కింద వెంట్రుకలు పెరిగి ఉన్నాయి. రత్నాలు గోడకి అతుక్కుపోయి, “ఓలమ్మో, సోంబరు మావ గొంతే” అని గొణిగింది.

అందరిలోకీ కనక ఒక్కతే భయపడలేదు. నవ్వింది. “వచ్చినావా, రా రా” అంది.

“నానేనమ్మా” అని దేముడమ్మ బుట్ట దించి దగ్గరికి వచ్చింది.

“నన్ను అమ్మా అంతావేటి?” అని ముసలామె చెయ్యి చాపి మొహం తడిమింది. చేతికి మీసం తగిలింది, మురిసిపోయింది. తర్వాత ఆ వేళ్ళు ముక్కు మీదికి పోయాయి. అక్కడ మూడు ముక్కెరలు తగిలాయి. ఆమె వేళ్ళు వాటి మీదే ఆగిపోయాయి.

“నా గుంట ముక్కెర్లు నీకాడున్నాయేటి? గుంటని అట్టుకుపోనావా?”

ఇంక ఆ ఏడుపు నేను వినలేకపోయాను. కూతురు ఎదురుగా నిలబడి ఉంటే కూతురు చచ్చిపోయిందని తల్లి గుండెలు బాదుకుంది. నేను భుజాలు పట్టుకుని, ఇదే నీ కూతురు, చూడు అని అరిచాను. గుడ్డిదాన్ని చూడమన్నాను, ఆ గాభరాలో. “కొండ కింద మడుసులకి సచ్చినోలు అగుపడరమ్మా, ఊరుకో” అని కనక నన్నే ఓదార్చింది. గోడవైపు తిరిగి పడుకుంది. అంబలి పెడితే నోరు మూసుకుంది. కూతురు పోయినింట్లో కూడు తినకూడదంది. దేముడమ్మ బతిమాలినకొద్దీ సోంబరు బతిమాలుతున్నాడనుకుని ఇంకా బిగుసుకుపోయింది.

పూటపూటకీ నీరసపడిపోతున్న ముసలామెని రత్నాలుకి ఒప్పజెప్పి, దేముడమ్మని పార్వతీపురం తీసుకెళ్ళాను. డాక్టరు ఆమెని చూసి కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. “వారానికొకటా?” అని రెండుసార్లు అడిగాడు. సూదులు వెంటనే ఆపేయాలన్నాడు. మీసం పల్చబడచ్చన్నాడు.

“గొంతు?” అన్నాను.

“గొంతు ఇక రాదమ్మా.”

దేముడమ్మ ఏడవలేదు. “మరి మాయమ్మకి నానెవుర్ని?” అని అడిగింది.

దారిలో సంత తగిలింది. నలుగురి ముందూ భీమన్నని దులిపేశాను. “అడిగినాది, పొడిసినాను” అని వాడు పెట్టె సర్దుకున్నాడు. ఇప్పటికీ తలుచుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది.

ఇల్లు చేరేసరికి ముసలామె మంచినీళ్ళు కూడా మింగడం లేదని రత్నాలు చెప్పింది. దేముడమ్మ తల్లిని ఒకసారి చూసింది. చోడంబలి డొప్పలో పోసుకుని పక్కన కూర్చుంది. ఈసారి అమ్మా అనలేదు.

“ఓలె కనకా. లే. తాగు.”

ముసలామె మెల్లగా ఇటు తిరిగింది.

“గుంటేది?”

“నా కాడుంది.”

“సుకంగా ఉన్నాదా?”

“ఉన్నాది.”

“ఒంట్లో మంట తగ్గినాదా దానికి? బతికున్నన్నాళ్ళూ మంట మంట అనీది.”

దేముడమ్మ డొప్పని ఆమె పెదవులకి ఆనించింది. “తగ్గిపోనాది. నువ్వు తాగితే అది సంతోసిత్తాది” అంది. కనక నోరు తెరిచింది.

ఆ తర్వాత మరో పంట దాకా ముసలామె బతికింది. కూతురి చేతి ముద్దే తింది, మొగుడి చెయ్యనుకుని. ఉప్పు తక్కువైందని వంక కూడా పెట్టలేదు. దేముడమ్మ మీసం పల్చబడింది. ఇంట్లో ఒక్కసారి కూడా అమ్మా అని పిలవలేదు. పిలవాలనిపిస్తే బయటికి పోయి కట్టెలు కొట్టేది.

కనక పోయేనాడు నేను అక్కడే ఉన్నాను. మాట బాగా సన్నగిల్లింది.

“ఓపాలి గుంటని మాటాడించవా?” అంది.

దేముడమ్మ నోరు తెరిచింది. పాత గొంతు కోసం వెతుక్కుంది. మెడనరాలు తేలాయి, గాలి తప్ప ఏమీ రాలేదు. నేను చూడలేక తల తిప్పుకున్నాను. చివరికి ఆ మగగొంతుతోనే, తల్లి చెవి దగ్గర మెల్లగా చెప్పింది.

“అది పోడు కాడుంది. కేకలేత్తంది. ఇనపడ్నేదా?”

ముసలామె కొండవైపు తల తిప్పింది. పోడు మీద ఆ రోజు ఎవరూ లేరు. చాలాసేపు చెవి పెట్టి వింది.

“అద్గదీ, మా గుంట” అంది.