ముందుగా అడగని వాళ్ల సారు

తిరుపతిలో గణాంకశాస్త్రం చెప్పే సుబ్రమణ్యం సారుకు ఇరవై ఏళ్లుగా ఒకటే మంట. పరిశోధన చేసేవాళ్లు అంతా అయిపోయాక కాగితాల మూట మోసుకుని ఆయన గది గుమ్మం ఎక్కుతారు. మొదలుపెట్టే ముందు ఒక్కరైనా వచ్చి అడిగిన పాపాన పోలేదు. ఆ కోపంతోనే రెండో కుర్చీ నిండా కాగితాలు పేర్చి, వచ్చినవాళ్లను నిలబెట్టే మాట్లాడేవాడు.

పందొమ్మిది వందల ఎనభై రెండు వేసవిలో మునిలక్ష్మి వచ్చింది. జిల్లా జనం రక్తంలో వంశపారంపర్య లక్షణాలు ఎలా ఉన్నాయో తేల్చాలని రెండేళ్లు ఎండనపడి తిరిగి, మూడువందల మంది రక్తం తీసిన పిల్ల. వివరాలన్నీ మదరాసులో కంప్యూటరుకు ఎక్కించాలి. స్కాలర్‌షిప్పు మూడు నెలల్లో ఆఖరు. ఈలోపు లెక్క తేలకపోతే డాక్టరేటు లేదు.

"ఈ మనుసుల్ని ఎట్లా ఎంచుకున్నావు మా?"

"వడమాలపేటలో మా మేనమామ ఇంట్లో మొదలుపెట్టినాను సార్. వాళ్లు అన్నం పెట్టి వియ్యంకులింటికి పంపినారు. ఆ వియ్యంకులు అల్లుడింటికి పంపినారు. తెలిసినోళ్లు కాకుంటే సూదికి ఎవురు సార్ చెయ్యి సాపేది?"

సారు తల పట్టుకున్నాడు. ఎవరు ఎవరికి ఏమవుతారో ఆ పిల్లనే అడుగుతూ, పేర్లు ఒక్కొక్కటే గీతలతో కలుపుతూ పోయాడు. అక్క కూతుర్ని చేసుకున్నవాడొకడు, అత్త కొడుకును చేసుకున్నదొకతె. సాయంత్రానికి మూడువందల మందీ ఒకే వంశవృక్షంలోకి వచ్చి చేరారు.

"ఇది జిల్లా కాదు తల్లీ, మీ ఇల్లు!" అని అరిచాడు. "ముందే వచ్చింటే ఓటర్ల లిస్టులోనుంచి చీట్లు తీసి పేర్లు ఇచ్చుందును గదా! ఎందుకు అడగలా?"

మునిలక్ష్మికి ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది.

"అడగను వచ్చినాను సార్. రెండేండ్ల కిందట, రెండుసార్లు. ఈడే నిలబడినాను. మీరు తలెత్తకనే, ముందు డేటా తీసుకొనిరా, అప్పుడు సూద్దాం అంటిరి."

సారుకు గుర్తొచ్చింది. రెండుసార్లూ గుర్తొచ్చింది. తిట్టడానికి తను తప్ప ఇంకెవరూ మిగల్లేదు. గీసిన కాగితాన్ని మళ్లీ ముందుకు లాక్కున్నాడు.

"జిల్లా మాట వదిలేస్తాం," అన్నాడు చివరికి. "నాలుగు తరాలు మేనరికాలు చేసుకున్న ఒకే ఇంటి రక్తం యాడ దొరుకుతాది? ప్రశ్న మారుస్తాం, మేనరికాల్లో ఈ లక్షణాలు తరం నుంచి తరానికి ఎట్లా దిగుతాయని. మీ గైడుతో నేను మాట్లాడతాను."

లేచి, రెండో కుర్చీలోని కాగితాలు ఎత్తి నేలమీద పెట్టాడు.

"కూర్సో మా. మీ మేనమామ కాన్నుంచి మళ్లా సెప్పు."