సలోమి గారు వద్దన్న నేల

తడిసిన ఉప్పునేల వాసనకు ఈ ఉదయం సలోమి గారు గుర్తొచ్చారు. ఇళ్ళ స్థలాలకు అనువైన భూమి చూడడానికి ఇందుకూరుపేట వైపు వచ్చి బండి దిగాను. నిన్నటి వాన ఇంకా గుంటల్లోనే ఉంది. సలోమి గారు అప్పట్లో మండల సర్వేయరు. నేను గ్రామ సర్వేయరుగా కొత్తగా చేరినప్పుడు పని నేర్పింది ఆమే.

ఆ ఏడు సముద్రం ఒడ్డునున్న ఒక పల్లెలో ఇల్లు లేనివాళ్ళందరికీ స్థలాలు చూపాల్సిన పని పంచాయతీ మీద పడింది. రికార్డులు వెతికి, కాలువ పక్కనున్న ప్రభుత్వ బీడును ప్లాట్లుగా విడగొట్టి నేనొక పటం గీశాను. జాబితాలో ఒక్క పేరూ మిగలకుండా సరిపోయింది. సర్పంచి సంతోషించి సంతకం కూడా పెట్టేశాడు. సలోమి గారు మాత్రం పటం మడిచి చేతిసంచిలో పెట్టుకున్నారు. వారం తర్వాత పెద్ద వాన వెలిశాక నన్ను తీసుకెళ్ళి ఆ బీడు మధ్యలో నిలబెట్టారు. నీళ్ళు మోకాళ్ళ దాకా వచ్చాయి.

"ఇప్పుడు చెప్పు, పొయ్యి యాడ పెట్టుకుంటారు?" అన్నారు.

ఆ భూమిని ఆమె లెక్కలోంచి తీసేశారు. ఊళ్ళో కోపం రేగింది. నోటీసు అంటిస్తే సరిపోయేదే, కానీ ఆమె నన్ను వెంటబెట్టుకుని పోలమ్మ గుడిసెకు వెళ్ళారు. ఎండుచేపలు అమ్మే ఆ ముసలామె కొడుకూ కోడలూ మనవలతో ఒక్క గదిలో ఉండేది. జాబితాలో మొదటి పేరు ఆమెదే.

"నీళ్ళుంటే ఉండనీమ్మా. నా పేరున జానెడు నేలుంటే చాలు," అంది పోలమ్మ.

"మెరక వెతకతా ఉండానక్కా. ఆలస్యమైతాది. అది నా వల్లే."

పోలమ్మ ముఖం తిప్పుకుంది. సలోమి గారు వెంటనే లేవలేదు.

ఊరికి ఉత్తరాన సరుగుడు తోటలున్న ఇసుకమెరక దొరికింది. రైతులను ఒప్పించి, కాగితాలు కదిలించేసరికి మూడేళ్ళు పట్టింది. ఈలోపు సలోమి గారు రిటైరయ్యారు, పోలమ్మ ఆ గుడిసెలోనే పోయింది. పట్టా కోడలి పేరున వచ్చింది.

తర్వాతి తుఫానుకు పాత బీడంతా మునిగింది, మెరక మీది ఇళ్ళలోకి చుక్క నీరు రాలేదు. సంతోషిస్తారనుకుని ఆ మాట చెప్పడానికి నెల్లూరులో ఆమె ఇంటికి వెళ్ళాను.

"నేను చేసింది సరే నాయనా. పోలమ్మ అడిగింది కూడా తప్పు కాదు," అన్నారు ఆమె.

ఇప్పుడు స్థలాల జాబితాలు నా చేతిమీదుగా తయారవుతున్నాయి. వానలో చూడని నేలను అందులో చేర్చను. దేన్నైనా తీసేయాల్సి వస్తే, ఎదురుచూస్తున్నవాళ్ళ ఇంటికి నేనే వెళ్తాను. వాళ్ళు అనాల్సిందంతా అనేదాకా కూర్చుంటాను.