చౌడమ్మ ముందర రంగేసిన కోడి

నిన్న చౌడమ్మ గుడి దగ్గర, ఊరందరి ముందర నా పరువు పోయింది. తీసింది ఎవరో కాదు, ఒక కోడి. అదీ మా షెడ్డు కోడే!

మీకు తెలిసిందే కదా, కమలాపురం దగ్గర మా చేన్లో బ్రాయిలర్ షెడ్డు ఉంది. కంపెనీ వాళ్లే పిల్లల్నిస్తారు, మేత ఇస్తారు, మందులిస్తారు. పెంచి తిరిగి వాళ్లకే అప్పజెప్తాం. మా ఆయన కడపలో సిమెంటు కొట్టు చూసుకుంటాడు కాబట్టి షెడ్డు పనంతా నాదే. ఒక మాట చెప్తా, బయట అనకండి. మా షెడ్డు కోడి మా ఇంట్లో ఎవ్వరం తినం. ఎవరైనా అడిగితే "ఆ వాసన మాకు పడదు" అంటాం. నాటుకోడి అయితే మాత్రం భేషుగ్గా పడుతుంది!

పోయిన నెల మా పాప లక్కీకి జ్వరం వచ్చింది. మామూలు మందులకు లొంగలేదు. కడపకు తీసుకెళ్లి ఆసుపత్రిలో చేర్చాం. డాక్టరమ్మ మందులు మార్చి మార్చి చూసింది. చివరికి "మీరేం పని చేస్తారమ్మా?" అని అడిగింది. కోళ్ల షెడ్డు అన్నా.

"వాటికి నీళ్లలో యాంటీబయాటిక్స్ కలుపుతారా?"

"కంపెనీ ఇచ్చింది కలుపుతాం మేడమ్. రోగమొచ్చినా కలుపుతాం, రాకముందూ కలుపుతాం."

"మీ పాపకు దానివల్లే అని నేను చెప్పలేను. కానీ అట్లా పోసుకుంటూ పోతే క్రిములు మొండికేస్తాయి. రేపు అవే మందులు మనుషులకు ఇచ్చినా పనిచేయవు" అంది. ఆ మందు కలిపే డ్రమ్ము నా కళ్లముందర కదిలింది. నిజంగా చెప్తున్నా, అంత భయం నాకు ఎప్పుడూ వేయలేదు.

మా అత్త అక్కడే వరండాలో కొంగు పట్టి మొక్కేసింది. "చౌడమ్మ తల్లీ, బిడ్డ లేసి తిరిగితే నీకు ఎర్రపుంజునిస్తా. మొక్కు తీరేదాకా అన్నం ముట్టను!" లక్కీ లేచింది, ఇంటికొచ్చింది, మళ్లీ సైకిలెక్కింది. మా అత్త మాత్రం మజ్జిగ తాగి పడుకోవడం మొదలుపెట్టింది. ఆమెకేమో షుగరు!

పుంజు ఎక్కడ దొరుకుతుంది? షెడ్డు దగ్గర నాటుకోళ్లు ఉండకూడదని కంపెనీ రూలు. వాటి రోగాలు వీటికొస్తాయట. ఆ రూలు చెప్పి మా అత్త కోళ్లన్నీ అమ్మించింది ఎవరు? నేనే. ఊర్లో మిగిలిన నాలుగూ ఎండాకాలం తెగులుకు పోయాయి. వేంపల్లెలో మా అన్నతో వెతికించా. యాడా లేవన్నాడు.

నిన్న పొద్దున అత్త లేవబోయి కళ్లు తిరిగి గోడ పట్టుకుంది. భయపడినప్పుడు నాకు బుద్ధి పనిచేయదు, తెలివి మాత్రం తెగ పనిచేస్తుంది. నేరుగా షెడ్డులోకి పోయా.

లోపలికి పోతే రెట్టల ఘాటుకు కళ్లు మండుతాయి. కాలు పెట్టడానికి చోటుండదు. కొన్ని కాళ్లు చాపేసి, మేత దాకా పోలేక అట్లే కూలబడి ఉంటాయి. చచ్చినవి ఏరి బకెట్లో వేయడం నాకు రోజూ కాఫీ తర్వాత పని. అలవాటైపోయింది. వాటిల్లో కాస్త నిలబడగలిగే పెద్ద దాన్ని చూసి పట్టుకొచ్చా. పసుపులో సున్నం కలిపి ఎర్రగా చేసి, ఒళ్లంతా పట్టించా. నా పెళ్లికి నాకే ఎవరూ అంత ఓపిగ్గా నలుగు పెట్టలేదు! అత్తకు కంట్లో శుక్లాలు. ఎర్రగా ఉంటే చాలనుకున్నా.

ఆటోలో గుడికి పోయాం. పొంగళ్లు పెట్టుకునే ఆడవాళ్లు చాలామందే ఉన్నారు. పూజారి నాగప్ప కోడిని చేతిలోకి తీసుకుని, "ఏమ్మా, పుంజు శానా బరువుండాదే! ఏం పెడతాండారు?" అన్నాడు.

"జొన్నలు" అన్నా. అబద్ధమాడితే పొట్టిగా ఆడాలి.

మా చౌడమ్మ దగ్గర ఒక పద్ధతుంది. కోడి తన కాళ్లతో తానే గుడి చుట్టూ తిరగాలి. తర్వాత నీళ్లు చల్లితే ఒళ్లు విదిలించాలి. అప్పుడే అమ్మవారు ఒప్పుకున్నట్టు. ఈ సంగతి నాకు తెలియదా? తెలుసు! గుర్తొచ్చింది మాత్రం నాగప్ప దాన్ని నేలమీద పెట్టినప్పుడే.

అది కూర్చుంది. లేపితే ఒక అడుగేసి బోర్లా పడింది. ఎండకు నోరు తెరిచి రొప్పుతోంది. "ఏమ్మే సుజాతా, నీ పుంజుకు మోకాళ్ల నొప్పులా?" అని వెనక నుంచి ఎవరో అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వా, ఏం చేయను? నాగప్ప సరేలెమ్మని చెంబెడు నీళ్లు దాని మీద పోశాడు. విదిలించలేదు. రంగు మాత్రం కారింది. ఎర్రటి నీళ్లు బండలమీద పారుతుంటే లోపలి తెలుపు బయటపడింది. నవ్వులు ఆగిపోయాయి.

అప్పుడు అది అరిచింది. కూత కాదు, "కియ్, కియ్" అని!

అత్త తడుముకుంటూ వచ్చి దాన్ని ఒళ్లోకి తీసుకుంది. తల నిమిరింది. "ఇదేం పుంజే? పిల్ల గదా ఇది! పుట్టి ఎన్నాళ్లయింది?"

"నలభై రోజులు కూడా కాలేదత్తా."

"మన లక్కీకి ఆ వయసులో మెడ గూడా నిలబల్లేదు. బిడ్డ కోసరం బిడ్డను దెస్తివా?"

అది అత్త ఒళ్లోనే తల వాల్చేసి ప్రాణం వదిలింది. నాగప్ప చేతిలో కత్తి చేతిలోనే ఉంది. "అమ్మోరు వద్దనిందమ్మా" అని పక్కకు జరిగాడు.

"అమ్మోరికే పనికిరాంది ఊరోళ్లకు ఎట్లా పెడతాండావే?" అంది అత్త. కోపంగా కూడా కాదు, నిజంగానే అడిగింది.

చివరికి నాగప్పే దారి చూపించాడు. గుమ్మడికాయ కొట్టించి, మొక్కు తీరినట్టేనని అత్తకు ఒట్టేసి చెప్పాడు. నేను గబగబా పొంగలి పెట్టబోతే, "నీ చేత్తో వద్దు" అని అత్త పక్కింటామె పెట్టిన ఆకులో తిన్నది. నాకు ఏడుపొచ్చింది. ఆమె తిన్నందుకా, నా చేత్తో వద్దన్నందుకా, ఇప్పటికీ తెలియదు.

ఇంటికొచ్చేసరికి కంపెనీ లారీ వచ్చి ఉంది. కూలోళ్లు కోళ్లను కాళ్లు పట్టుకుని తలకిందులుగా తెచ్చి ట్రేల్లో కుక్కుతున్నారు. అన్నీ ఒక్కసారిగా కియ్ కియ్‌మంటున్నాయి. ఇన్నేళ్లూ ఆ చప్పుడు వింటూ, భలే హుషారుగా ఉన్నాయి అనుకునేదాన్ని.

సూపర్‌వైజరు పిల్లోడు పరిగెత్తుకుంటూ వచ్చాడు. "అక్కా, వెయిట్ సూపర్! ఈ తూరి మీరే ఫస్టు. గ్రూపులో ఫోటో పెట్టాల, నవ్వండి!" ఫోన్ ఎత్తినవాడు మళ్లీ దించాడు. "అక్కా, చేతులు ఎనక్కి పెట్టుకోండి. రక్తం మాదిరి ఉండాది, బాగుండదు."

"పసుపు సున్నమప్పా అది, రక్తం కాదు" అన్నా. వాడు నమ్మలేదు.

వాట్సాప్‌లో చూసుకోండి కావాలంటే. ఉత్తమ రైతు సుజాతమ్మ! చేతులు వెనక్కి పెట్టుకుని, పోలీసులు పట్టుకొచ్చిన దొంగలాగా ఎంత చక్కగా నవ్వుతున్నానో.