విరిగిన నాదం తర్వాత

వాన వెలిశాక, ఐర్లండ్‌లోని నేస్ ఊళ్లో మా ఇంటి వెనక పొలం నుంచి తడిసిన గొర్రెల వాసన వస్తుంది. అది తగిలినప్పుడల్లా జోనా చేతిలోని పొట్టేలు కొమ్ము గుర్తొస్తుంది. డబ్లిన్ శివారు చెర్రీవుడ్‌లో సాఫ్ట్‌వేర్ ఆఫీసులు ఒకదాని వెంట ఒకటి తెరుచుకుంటున్న రోజుల్లో ఆయన నా మొదటి మేనేజరు. డబ్లిన్‌లోనే పుట్టి పెరిగిన యూదు మనిషి, అప్పటికే అరవై దాటాయి.

ఒక వేసవిలో నేను సరిగ్గా పరీక్షించకుండా పంపిన ప్రోగ్రాం మార్పు వల్ల ఒక ఆసుపత్రిలో రోగుల అపాయింట్‌మెంట్లు చెరిగిపోయాయి. రెండు రోజుల్లో సరిచేశాం. కానీ నింద నా పక్క సీటులోని ఐలీన్ మీద పడింది. ఆమె ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. నా వర్క్ పర్మిట్ పోతుందన్న భయంతో నేను నోరు మెదపలేదు.

ఒక ఆదివారం ఉదయం ఆయన ఇంటికి లాప్‌టాప్ ఇవ్వడానికి వెళ్లాను. పెరట్లో దూడ అరిచినట్టు వినిపించింది. చూస్తే జోనా కొమ్ము ఊదుతున్నారు.

"భయపడ్డావా, సౌమ్యా? ఇది షోఫార్. మా కొత్త సంవత్సరానికి ముందు నెలంతా దీన్ని పొద్దున్నే ఊదుతాం, మొద్దునిద్రలో ఉన్న మనసును లేపడానికి."

మళ్లీ ఊదారు. ముందు ఒక నిండు నాదం. తర్వాత అది మూడు నిట్టూర్పులుగా విరిగింది, ఆపైన వెక్కిళ్లలా ముక్కలైంది.

"ఏడుస్తున్నట్టుంది," అన్నాను.

"ఏడుపే. కానీ అక్కడ ఆగకూడదు. విరిగిన నాదానికి ముందూ వెనకా నిండు నాదం ఉండి తీరాలి. అసలు మా విధి ఊదడం కాదు, వినడం."

ఆయన చివరి నాదం ఊదుతుంటే నా కళ్లు నిండాయి. అది ఆగాక జరిగిందంతా చెప్పేశాను. ఆయన కొమ్మును గుడ్డలో చుట్టి పక్కన పెట్టారు.

"నాకు చెప్పావు, మంచిదే. ఐలీన్‌కు చెప్పావా?"

"లేదు. ముందు మీరు క్షమిస్తే..."

"ఆమెకు చేసిన తప్పును నేనెలా క్షమిస్తాను? మా నమ్మకంలో, ఆమె క్షమించేదాకా దేవుడు కూడా క్షమించడు. ముందు ఆమె దగ్గరికి వెళ్లాలి."

మర్నాడు వెళ్లి చెప్పాను. ఐలీన్ కంప్యూటర్ తెర మీంచి చూపు తిప్పలేదు. "వారం రోజులు ఏడ్చాను, తెలుసా?" అంది. ఆ రోజంతా నాతో మాట్లాడలేదు. విచారించకుండా నిందను నమ్మినందుకు జోనా అందరి ముందూ ఆమెకు క్షమాపణ చెప్పారు, నా చేతా చెప్పించారు. ఆమె ఉద్యోగం నిలిచింది, నాదీ నిలిచింది. నాలుగో రోజున నా బల్ల మీద టీ కప్పు పెట్టి, "ఇట్స్ గ్రాండ్," అంది ఐలీన్. ఇక్కడివాళ్ల మాటలో, ఫరవాలేదులే అని.

జోనా ఇప్పుడు లేరు. నా కింద పదిమంది పనిచేస్తున్నారు. పొరపాటు నాదైతే, పైవాళ్లకు మెయిల్ రాయడానికి ముందే, నా వల్ల నొచ్చుకున్న మనిషి దగ్గరికి లేచి వెళ్తాను. ఆ నాలుగడుగులు ఇప్పటికీ బరువుగానే పడతాయి. అయినా వెళ్తాను.