మొలకత్తి అని రాయనంది

ఇర్మెలి ఆ సామిల్లు క్యాంటీన్లో వంటమనిషి. ఆ గురువారం ఆమె బఠానీ చారులో గరిటె తిప్పుతున్న తీరు చూస్తేనే తెలుస్తోంది, ఎవడికో మూడిందని.

ఆ ఎవడో మేనేజరు యార్కో. మిల్లుని కొన్న పరదేశం కంపెనీ ఇంగ్లీషులో కాగితం పంపింది, మిల్లులో నైఫులు నిషేధమని. దాన్ని ఫిన్నిష్‌లో రాసి గోడకి అంటించమని తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు.

“నీకు ఇంగ్లీషు రాదట్రా?”

“వచ్చులే ఇర్మెలక్కా. నువ్వు స్కాట్లండులో పనిచేసొచ్చావు కదాని...”

“వాళ్లకి ఉల్లిపాయ కోసేదీ నైఫే, మగాడి మొలకి వేలాడేదీ నైఫే. మనకట్లా కుదరదు, రెంటికీ వేరే వేరే మాటలు. ఏది రాయమంటావ్?”

యార్కో నేలచూపులు చూశాడు. “మొలకత్తే.”

“అయితే నువ్వే రాయి.”

“నేను రాస్తే మిల్లులో ఒక్కడూ నా మొహం చూడడక్కా.”

“ఓహో! నా మొహాన ఉమ్మితే ఫరవాలేదన్నమాట!”

ఆ మిల్లులో దుంగలు కోసే తౌనో ఆమెకి బావ. చనిపోయిన అక్క పెళ్లికి ముందు అతనికిచ్చిన మొలకత్తి ఇప్పటికీ అతని నడుముకే ఉంది. నూరీ నూరీ అలుగు సగమైంది. దాన్ని విప్పమని ఈమె చేత్తో రాయాలట!

రాసింది. పెద్ద పెద్ద అక్షరాలతో “వెయ్‌త్సి నిషేధం” అని. వెయ్‌త్సి అంటే వంటింటి కత్తి. తర్వాత సొరుగులో ఉన్న కత్తులన్నీ ఊడ్చి తెచ్చి యార్కో బల్ల మీద దబ్బున పోసింది.

“నిషేధం కదా, నువ్వే దాచుకో.”

మధ్యాహ్నం మిల్లువాళ్లు వచ్చేసరికి బల్లల మీద కొయ్యని రై రొట్టెలు గుండ్రాళ్లలా కూర్చున్నాయి. గోడ మీది కాగితం చదివి తౌనో పకపకా నవ్వాడు.

“ఏం మరదలా, దంతాలతో కొరుక్కోమంటావా?”

“నడుముకున్నది అలంకారానికా బావా?”

అందరూ మొలకత్తులు తీసి రొట్టెలు కోసుకున్నారు. యార్కో కూడా చారు గిన్నెతో వచ్చి కూర్చుని, అలవాటు కొద్దీ తన నడుము మీదికి చెయ్యి పోనిచ్చాడు. అంతా అతన్నే చూశారు.

“ఆగు,” అంది ఇర్మెలి. “అది వద్దని ముందు నీ చేత్తో రాయి. ఆ తర్వాత కోసుకో.”

యార్కో మొహం కందగడ్డ అయింది. లేచి వెళ్లి కాగితం మీద ఆమె రాసింది కొట్టేసి, మొలకత్తి అని రాసి, కింద తన పేరు పెట్టాడు. బెల్టు విప్పి, తన కత్తి తీసి కిటికీ గట్టు మీద పెట్టాడు.

తౌనో అలుగుని ప్యాంటుకి తుడిచి ఒరలో పెట్టుకున్నాడు. కోటు తొడుక్కున్నాడు.

“చారు వదిలేస్తావేం బావా!”

“డబ్బాలో పోసివ్వు, ఇంటికి పట్టుకెళ్తా. దీన్ని విప్పి మాత్రం ఇక్కడ పనిచెయ్యను.”

ఇర్మెలి డబ్బా నిండా చారు పోసింది. మూత పడక, పిడికిలితో రెండు గుద్దులు గుద్దింది.

“నీ మీద కాదు బావా,” అంది, యార్కో వైపు చూస్తూ.