ఆ దారిలో రాయి లేదు

లేని రాయి ఒకదాన్ని నేను తొమ్మిదేళ్లుగా మోస్తున్నాను.

ఇదేదో వేదాంతం అనుకోకండి. రాయి అంటే రాయే. అరిజోనా ఎడారిలో, ఒక రేసు దారిలో, కుడి పక్కన, మూరెడు ఎత్తు రాయి. అది అక్కడ ఉందని చెప్పింది నేను. అది అక్కడ లేదని ఇన్నేళ్లూ తెలిసినవాణ్ణీ నేనొక్కణ్ణే. మీరెవరో నాకు తెలీదు, నా పేరు మీకు చెప్పను. అయినా మీతోనే చెప్పుకోవాలి. తెలిసినవాళ్లతో చెప్పే ధైర్యం ఉంటే ఇన్నేళ్లు పట్టేది కాదు.

అరిజోనాలోనే చాండ్లర్ అనే ఊళ్లో ఉంటాను. చిప్పులు తయారుచేసే ఫ్యాక్టరీలో క్వాలిటీ చూసే ఉద్యోగం. చేయని పనిని చేసినట్టు ఎవరైనా సంతకం పెడితే పట్టుకోవడం నా పని. అందుకే నాకు జీతమిస్తున్నారు. నవ్వొస్తే నవ్వండి.

మూర్తి గారి గురించి ముందు చెప్పాలి. మిషిగన్‌లోని ట్రాయ్‌లో ముప్పయ్యేళ్లు ట్రక్కుల కంపెనీ ఇంజినీరు. ముప్పయ్యేళ్లూ తలుపు గొళ్లేలే డిజైన్ చేశారు. అరవై దాటాక అక్కడి చలి పడక చాండ్లర్ వచ్చి, మా వీధి చివర ఇల్లు కొనుక్కుని, నెల తిరక్కుండానే పాత ఫోర్ వీల్ డ్రైవ్ పికప్ ట్రక్కు ఒకటి తెచ్చి ఇంటి ముందు నిలబెట్టారు. ఇన్నాళ్లూ దీని తలుపులే చూశాను, ఇది ఎక్కడిదాకా పోగలదో ఇప్పుడు చూస్తాను అన్నారట. ఆయన భార్య రాజ్యలక్ష్మి ఆంటీ ఈ సంగతి చెప్పి తల పట్టుకునేవారు.

ఎడారి రేసుల్లో స్టాక్ క్లాస్ అని ఒకటుంది. బండి ఫ్యాక్టరీ నుంచి ఎలా వచ్చిందో దాదాపు అలాగే పరుగెత్తాలి. ప్రాణం కాపాడుకోవడానికి లోపల ఇనప పంజరం, రేసు సీట్లు, బెల్టులు పెట్టుకోవచ్చు. ఇంజన్, ఛాసిస్, చక్రాలను పట్టి ఉంచే ఆర్ములు మాత్రం కంపెనీవే ఉండాలి. వారానికోసారి సామాన్లు తెచ్చుకునే బండిని తీసుకెళ్లి రాళ్లలో, మైదాపిండి లాంటి దుమ్ములో రోజంతా బాదితే ఏమవుతుంది? ప్రతి బోల్టూ వదులవుతుంది. కాబట్టి రేసు ఒక్క రోజు, రెంచీ పని మూడు నెలలు. శని ఆదివారాలు ఆయన గ్యారేజీలో ఆ పని చేస్తూనే నేను మనిషినయ్యాననిపించేది. రేసు రోజు పక్క సీట్లో కూర్చుని, జీపీఎస్ చూస్తూ ముందున్న మలుపులూ గుంతలూ చెప్పేది కూడా నేనే.

మూర్తి గారికి ఒక పద్ధతి ఉంది. బోల్టును కొలత ప్రకారం బిగించాక, రెంచీ టక్కుమన్నాక, పెయింట్ పెన్నుతో బోల్టు తల మీంచి పక్కనున్న ఇనుము మీదికి ఒక పసుపుపచ్చ గీత గీయాలి. బోల్టు వీసమంత తిరిగినా గీత తెగి రెండు ముక్కలుగా కనిపిస్తుంది. ఈ పద్ధతి అందరికీ ఉన్నదే. ఆయన దానికి సొంతంగా ఒకటి కలిపారు. ఒకరు గీసిన గీతను ఇంకొకరు రెంచీతో మళ్లీ పరీక్షించకూడదు. అది మనిషిని అవమానించడం అనేవారు. రేసు మొదలయ్యే ముందు బండి చుట్టూ తిరిగి ఒక్కో గీతను వేలితో తాకేవారు, అంతే. ఆ తర్వాత ఆంటీ నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టేవారు. పక్క టెంట్ల అమెరికన్లు కూడా తమ బండ్లకీ నాలుగు పెట్టమని అడిగేదాకా వచ్చింది ఆ వ్యవహారం.

ఇప్పుడు నా సంగతి.

ప్రతి రేసుకూ బండి ముందు చక్రాల ఆర్ముల బోల్టులు కొత్తవి వేయాలి. ఆ పని నాది. తొమ్మిదేళ్ల కింద, రేసుకి వారం ముందు శనివారం, ఎడమ వైపువి మార్చాను. మధ్యాహ్నం అయిపోయింది, నడుం లాగేస్తోంది. కుడి వైపువి ఆదివారం వేద్దామనుకుని, మూర్తి గారి పనుల లిస్టులో రెండింటికీ టిక్కు పెట్టేశాను. రేపు ఎలాగూ చేస్తానుగా అని. ఆదివారం ఎవరింట్లోనో భోజనాలు. సోమవారం నుంచి ఆఫీసు. నాతో ఇంటికి తెచ్చుకున్న కొత్త బోల్టుల పెట్టె మా గ్యారేజీ అరలో, బియ్యం బస్తా పక్కన అలాగే ఉండిపోయింది. నేను మర్చిపోయానని చెప్పుకోవచ్చు. కానీ మర్చిపోలేదు. పాతవి ఇంకో రేసుకి పనికొస్తాయిలే అని నాకు నేను చెప్పుకున్నది నాకు గుర్తుంది.

రేసు రోజు ఉదయం, ఇంకో గంటన్నరలో బయల్దేరాలనగా, బండి కింద దూరి చూశాను. కుడి వైపు కింది ఆర్ము బోల్టు మీద పాత గీత తెగి ఉంది. బియ్యపు గింజంత తేడా. రెంచీ పెట్టి తిప్పాను. టక్కుమనలేదు. తిరుగుతూనే ఉంది. మరలు అరిగిపోయాయని అర్థం.

రెండు టెంట్ల అవతల అచ్చం మా బండి లాంటి బండే ఉంది. వాళ్ల దగ్గర అదనపు బోల్టులు ఉన్నాయని నాకు తెలుసు, ముందు రోజు నేనే చూశాను. అడిగితే ఇచ్చేవారు. మార్చడానికి ముప్పావు గంట చాలు. మరి ఎందుకు అడగలేదు? తొమ్మిదేళ్లుగా ఈ ప్రశ్న వేసుకుంటున్నాను, ప్రతిసారీ వచ్చే జవాబు చూసి ప్రతిసారీ కొత్తగా నివ్వెరపోతున్నాను. అడిగితే మూర్తి గారికి ఆ టిక్కు సంగతి తెలుస్తుంది. అంతే. ఇంకేమీ లేదు. వెతికి వెతికి చూశాను, దీనికన్నా పెద్ద కారణం దొరకలేదు.

గుడ్డతో పాత గీత తుడిచేశాను. పెన్ను తీసి కొత్త గీత గీశాను. చెయ్యి వణకలేదు. ఆ సంగతే నన్ను ఇప్పటికీ వదలడం లేదు. చక్కగా, తిన్నగా గీసింది నా చెయ్యి.

కాసేపటికి మూర్తి గారు వచ్చి గీతలన్నీ తాకుతూ వంగి అక్కడ కూడా తాకారు. ఆయన వేలికి పసుపుపచ్చ రంగు అంటింది. కొత్తగా గీశావే అన్నారు. పాతది చెరిగిపోయిందండీ, మళ్లీ గీశాను అన్నాను. వేలు ప్యాంటుకి తుడుచుకుని మంచి పని చేశావని నా భుజం తట్టారు.

నేనూ ఆ బండి ఎక్కాను. ఎలా ఎక్కావని మీరు అడగొచ్చు. ఏమీ కాదని ఎక్కాను. మొదటి మైళ్లలో ఒక చెవి ఇంజన్ మీద, ఒక చెవి కుడి చక్రం మీద పెట్టాను. ముప్పై మైళ్లు గడిచాక భయం పోయింది. యాభై గడిచాక నేను చాలా తెలివైనవాణ్ణి అనిపించింది. అరవై దాటాక, ఎండిపోయిన వాగులో నున్నటి ఇసక దారి మీద, ఒక గులకరాయి కూడా లేనిచోట, కుడి చక్రం లోపలికి మడుచుకుపోయింది. ఆకాశం, ఇసక, ఆకాశం. తర్వాత నిశ్శబ్దంగా దుమ్ము మాత్రం లోపలికి వచ్చింది. నాకు పెదవి చిట్లింది. ఆయనకు భుజం ఎముకా, తుంటి ఎముకా విరిగాయి.

రెండో రోజు ఆసుపత్రిలో ఆయన మంచం పక్కన కూర్చున్నాను. మత్తు ఇంకా పూర్తిగా దిగలేదు. అప్పటి మాటలు ఒక్క అక్షరం పోకుండా గుర్తున్నాయి.

"మనకేం తగిలిందయ్యా?"

"రాయండీ. కుడి పక్క."

"నాకు కనబళ్లేదే."

"దుమ్ములో ఉంది కదండీ."

"నీకు కనబడిందా?"

"కనబడిందండీ. నేను చెప్పేలోపే తగిలేసింది."

ఆయన బాగున్న చేత్తో కళ్లు నులుముకున్నారు. "అయితే నా కళ్లే," అన్నారు.

చూశారా, ఏం చేశానో? రాయి అని చెప్పి ఊరుకుంటే బోల్టు దాగిపోయేది. నాకూ కనబడలేదండీ అని ఉంటే ఆయన కళ్లు ఆయనకు మిగిలేవి. ఇద్దరికీ కనబడని రాయి, పాడు రాయి అని ఇద్దరం తిట్టుకునేవాళ్లం. కనబడిందన్న ఆ ఒక్క మాట నాకు అవసరం కూడా లేదు. అబద్ధానికి ఒక సాక్షి కావాలనిపించి నన్నే సాక్షిగా నిలబెట్టాను. గీత గీసింది పిరికితనం, ఒప్పుకుంటాను. ఆసుపత్రిలో నేను చేసినదానికి మాత్రం ఏ పేరు పెట్టాలో నాకు తెలీదు.

మూర్తి గారు ట్రక్కు ముక్కల్ని ఎవరికో ఇచ్చేశారు. స్టీరింగ్ ముట్టుకోవడం మానేశారు, రేసులోనే కాదు, ఊళ్లో కూడా. పక్కవాడికి కనబడింది నాకు కనబడలేదంటే నేను రోడ్డెక్కకూడదు అని తేల్చేసుకున్నారు. లైసెన్సు గడువు తీరితే మళ్లీ తీసుకోలేదు. కళ్ల డాక్టరు దగ్గరికి వెళ్దామని ఆంటీ ఎంత పోరినా వెళ్లలేదు. నాకు తెలిసిందే కదా, వాళ్లు చెప్పేదేముంది అనేవారు. కారు లేకపోతే ఇక్కడ కాళ్లు లేనట్టే. ఆంటీ ఊళ్లో నడుపుతారు గానీ బళ్లు వేగంగా పోయే ఫ్రీవే ఎక్కరు. కాబట్టి దూరాలన్నిటికీ ఆయన్ని తిప్పింది నేను. గుడికి, ఫిజియోథెరపీకి, ఎయిర్‌పోర్టుకి. మనవరాలికి డ్రైవింగ్ నేర్పిస్తానని ఆయన మాటిచ్చారు. ఆ పిల్లకు పదహారేళ్లు వచ్చాక నేర్పింది కూడా నేనే. ఆయన వరండాలో నిలబడి చూశారు.

ఊళ్లో తెలుగువాళ్లందరూ నన్ను మెచ్చుకున్నారు. సొంత కొడుకైనా ఇంత చేయడు అన్నారు. ఆ మెప్పు తీసుకున్నాను. వద్దనలేదు.

ఈ వేసవిలో కంట్లో శుక్లం వస్తోందేమోనని ఆంటీ పట్టుబట్టి ఆయన్ని ఒప్పించారు. నేనే తీసుకెళ్లాను. డాక్టరు రెండు గంటలు రకరకాల యంత్రాలతో చూశారు. మూర్తి గారు డాక్టరమ్మకు రాయి కథ మొత్తం చెప్పారు. ఎంత ఎత్తు, ఏ పక్క, ఎంత వెలుతురు, అన్నీ. నేను గోడవారగా కుర్చీలో కూర్చుని ఉన్నాను. ఆమె విని, శుక్లం ఇప్పుడిప్పుడే మొదలవుతోంది, ఆపరేషన్ అక్కర్లేదు, చూపులో ఎక్కడా లోటు లేదు, ఏ పక్కా తగ్గలేదు, తొమ్మిదేళ్ల కింద అంత రాయి కనబడకపోవడానికి ఈ కళ్లలో తనకు కారణమేదీ దొరకడం లేదు అన్నారు.

ఇన్నేళ్లలో నన్ను నేనే నమ్మించుకున్నాను కాబోలు, ఆయనకు నిజంగానే ఏదో లోపం ఉండి ఉంటుందని. లేదని వినగానే ఎవరో వెనక నుంచి తోసినట్టయింది. మూర్తి గారు సంతోషించలేదు. పార్కింగ్‌లో కారు ఎక్కి, బెల్టు పెట్టుకుని, మరి ఆ రోజు ఏమై ఉంటుందయ్యా అని మెల్లిగా అడిగారు. నిందించినట్టు కాదు. లెక్క తేలని ఇంజినీరు అడిగినట్టు.

రాయి లేదండీ, అన్నాను. బోల్టు మార్చలేదు, గీత తెగి ఉంది, తుడిచి మళ్లీ గీశాను.

అంతకు మించి చెప్పలేకపోయాను. ఆయన తన చూపుడు వేలు వంక చూసుకున్నారు. తర్వాత బెల్టు తీసేసి దిగారు. నువ్వు వెళ్లు, లక్ష్మి వస్తుంది అన్నారు. ఆ ఎండలో, క్లినిక్ ముందు బెంచీ మీద కూర్చుని ఆంటీకి ఫోన్ చేశారు. నేను వెళ్లలేదు, దగ్గరికీ పోలేదు, పార్కింగ్ అవతలి మూల కారులోనే ఉండిపోయాను. ఆంటీ ముప్పావు గంటలో వచ్చారు. ఫ్రీవే ఎక్కితే తప్ప అంత త్వరగా రాలేరు.

తర్వాత ఫోన్ రాలేదు. నేనూ చేయలేదు. క్షమించమని అడగలేదు, అడిగే ఉద్దేశం కూడా లేదు. ఆయన ఎవరికీ చెప్పలేదని తెలుస్తోంది, ఎందుకంటే గుళ్లో జనం ఇంకా నన్ను మెచ్చుకుంటున్నారు, మూర్తి గారు రాలేదేమని నన్నే అడుగుతున్నారు. ఆయన అడగని టిక్కు సంగతి, రెండు టెంట్ల అవతలి బోల్టుల సంగతి, వణకని నా చేతి సంగతి ఇప్పుడు మీకు చెప్పాను. చెప్తే గుండె తేలికవుతుందంటారు. తేలికేమో తెలీదు, ఊపిరి మాత్రం కింది దాకా పోతోంది.

నిన్న సాయంత్రం ఆఫీసు నుంచి వస్తుంటే మా వీధి దగ్గరి సిగ్నల్లో ఆగాను. రోడ్డుకి అవతల, నాకు ఎదురుగా, ఆంటీ కారు. పక్క సీట్లో ఆంటీ. స్టీరింగ్ ముందు మూర్తి గారు. మళ్లీ లైసెన్సు తీసుకున్నారన్నమాట. ఎండ సూటిగా ఆయన ముఖాన కొడుతోంది. మధ్యలో అంత రోడ్డు, వచ్చేపోయే బళ్లు. అయినా ఆయన నన్ను చూశారు. నేను చెయ్యి ఎత్తాను. ఆయన చూపు తిప్పుకోలేదు, చెయ్యి ఊపలేదు. పచ్చ లైటు పడింది, జాగ్రత్తగా రెండు పక్కలా చూసుకుని, నా పక్కనుంచే వెళ్లిపోయారు.