పెదాలు చూసి పాడిన పాట

రెండేళ్ల కిందటి మాట. చెన్నూరులో మా వాడ ఆడవాళ్లం కలిసి భజన పాటలు పాడుతుంటాం. మిగతావాళ్లకు ఎదురుగా నిలబడి చేతులతో తాళం చూపిస్తూ, పాటలోని మాటలను చప్పుడు లేకుండా పెదాలతో అందించడం అప్పట్లో నా పని. "నువ్వు గట్ల నోరు కదుపుతుంటే మాకు ఫికరుండదక్కా" అనేవాళ్లు.

ఆ ఏడు వేములవాడలో పాడే అవకాశం వచ్చింది. వేదిక కింద జనం కిక్కిరిసి ఉన్నారు. మొదటి చరణం హాయిగా సాగింది. రెండోది ఎత్తుకునే వేళకు లైటు చుట్టూ తిరుగుతున్న పురుగొకటి నేరుగా నా నోట్లో దూరింది. ఠక్కున నోరు మూసుకున్నాను. నన్ను చూసి వాళ్లందరూ మూసుకున్నారు. తబలా ఒక్కటే మోగుతోంది. ముందు వరుసలోని సరోజ మైకులోనే, "ఏమైందక్కా, గింతేనా పాట?" అని అడిగింది. జనం గొల్లుమన్నారు.

అప్పుడు వెనక వరుసలోంచి పెద్దావిడ రాజవ్వ గొంతు లేచింది. ఒక్క మాట తప్పకుండా ఆమె పాడుతుంటే మిగతావాళ్లు అందుకున్నారు.

వేదిక దిగాక, "నీకు గిదంతా ఎట్ల యాదికున్నది రాజవ్వా?" అని అడిగాను.

"నాకు చూపు ఆనదు బిడ్డా. నీ పెదవులు నాకెన్నడు కనవడ్డయి? గందుకే ఇంట్ల పాడుకుంట నేర్చుకున్న" అంది.

ఇప్పుడు నేను చేతులు మాత్రమే ఆడిస్తాను. కొత్త పాట మొదలుపెట్టినప్పుడల్లా, "జర పెదాలు కదపరాదా అక్కా" అని సరోజ బతిమాలుతుంది. నాకూ కదపాలనే ఉంటుంది. వెనక వరుసలో కళ్లు మూసుకుని హాయిగా పాడుతున్న రాజవ్వను చూసి, నోరు గట్టిగా బిగించుకుంటాను.